ఇక పరీక్ష గట్టు చేలల్లో



స్నాతకోత్సవాల్లో, పట్టాలు అందుకుంటున్న మీలాంటివాళ్లకు కలలు కనమని చెప్పడం ఆనవాయితీ. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లున్నారు. నేను కీటకశాస్త్రం చదువుకున్నవాణ్ణి, పురుగుల గురించే మాట్లాడతాను.

మీలో చాలామంది కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో పుట్టి పెరిగారు. గట్టు, మల్దకల్, అయిజ మండలాల చుట్టుపక్కల సీడ్ పత్తి, అంటే విత్తనం కోసం వేసే పత్తి, ఎట్లా పండుతుందో మీకు చెప్పనక్కర్లేదు. వేదిక మీది పెద్దల కోసం చెబుతాను. సాయంత్రం పూట కూలీలు సాళ్లలో వంగి, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి, ఒక్కొక్కదానిలోని మగ భాగాన్ని గోటితో గిల్లేస్తారు. పొద్దున్నే మగ చెట్టు పువ్వు తెచ్చి దాని పుప్పొడిని ఆ మొగ్గకు అద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు, అది నడిచినన్నాళ్లూ రోజూ ఇదే పని. ఆ చేలో విత్తనం కట్టే ప్రతి పువ్వునూ మనిషి వేలు కనీసం రెండుసార్లు తాకాలి. ఆ వేళ్లు ఎక్కువగా ఆడవాళ్లవి, బడిలో ఉండాల్సిన పిల్లలవి కూడా. తైవాన్ పంపుతో కొట్టిన మందు ఆరీ ఆరకముందే చెయ్యి ఆకుల్లోకి వెళ్తుంది. ఆ చేత్తోనే సద్ది మూట విప్పుతారు.

మందు డబ్బా మీద జాగ్రత్తలన్నీ అచ్చువేసే ఉంటాయి. కానీ రాష్ట్రంలో అక్షరాస్యత బాగా తక్కువగా ఉన్న మండలాల్లో గట్టు ఒకటి. అక్కడ రైతుకు దారి చూపేది ఆ డబ్బా మీది త్రికోణం రంగొక్కటే. ఎరుపైతే అన్నిటికన్నా ఘోరమైన విషం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. బీటీ పత్తి 2002లో వచ్చినప్పుడు మందు కొట్టే బాధ తీరిందనుకున్నాం. 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడింది. పంపులు మళ్లీ భుజాలకెక్కాయి.

ఇప్పుడు ఆ మందులకు బదులు వెతుకుతూ మీలో కొందరు ల్యాబుల్లో చేసిన పని దగ్గరికి వస్తాను. సీతాఫలం ఆకు ఉడకబెట్టి, ఆ కషాయాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో పోస్తారు. కాసేపటికి లేత రంగు నీళ్లు పసుపెక్కి, తేనె రంగుకు, ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆకులోని ఫినాల్ జాతి పదార్థాలు వెండి అయాన్లను లోహంగా మార్చి, వాటి చుట్టూ పొరలా అంటుకుంటాయి. అట్లా పుట్టేవే నానో కణాలు, మీటరులో వంద కోట్లో వంతును కొలతగా పెట్టుకుని లెక్కించేవి. వాటిని దోమ లార్వాలున్న బీకరులో వేసి, 24 గంటల తర్వాత ఎన్ని చచ్చాయో లెక్కపెడతారు. చాలా చస్తాయి. పరిశోధన పేపరు అచ్చవుతుంది.

పేపరును తక్కువ చేయను. కానీ ఆకుతో తయారు చేసినంత మాత్రాన వెండి ఆకైపోదు. వెండి మట్టిలో కుళ్లిపోదు. సూక్ష్మజీవులను చంపుతుంది, నీళ్లలోని చిన్న చిన్న ప్రాణులకూ విషమే. ఊరి బావుల్లో లార్వాలను తినడానికి మనం గంబూసియా చేపలు వదులుతున్నాం. ఆ బావిలో ఈ వెండి కలిస్తే చేప సంగతేమిటి? ఈ ప్రశ్న వేయకుండా పర్యావరణహితం అని శీర్షిక పెట్టడం నాకు మింగుడు పడదు.

నాకు ఆశ ఉన్నది వేప మీద. ఐదు కిలోల వేప గింజల పొడిని గుడ్డలో మూటగట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి వడగట్టి, కాస్త సబ్బు కలిపి, వంద లీటర్లు చేసి కొట్టడం మన రైతులకు తెలుసు. అందులోని అజాడిరక్టిన్ పురుగును వెంటనే చంపదు. మేత మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు. పొద్దున కొడితే సాయంత్రానికి పురుగు రాలాలనే రైతుకు ఇది ఆనదు. పైగా ఎండకు అది కొద్ది రోజుల్లోనే విరిగిపోతుంది, నడిగడ్డ ఎండల సంగతి మీకు తెలుసు. నానో విద్యకు ఇక్కడ అసలు పని ఉంది. వేప నూనెను అతి సన్నని బిందువులుగా చేయడం, కైటోసాన్ లాంటి కుళ్లిపోయే పదార్థం లోపల ఉంచి మందుకు గొడుగు పట్టడం, నెమ్మదిగా విడుదలయ్యేట్టు చూడటం. వెండి అక్కర్లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. జనగామ జిల్లా ఏనెబావి 2006 నాటికే రసాయనాలు లేని ఊరిగా పేరు తెచ్చుకుంది. అక్కడ నానో లేదు. కషాయాలు, ఎరలు, పొలాన్ని రోజూ చూసుకునే కళ్లు ఉన్నాయి. మీ కణం ఆ పద్ధతుల కంటే ఏం ఎక్కువ చేస్తుందో, ఎకరాకు ఎంత ఖర్చవుతుందో చెప్పగలగాలి. నానో యూరియా సీసాలు 2021 నుంచి దుకాణాల్లో ఉన్నాయి కాబట్టి నానో అనే మాట రైతుకు కొత్త కాదు. పేరుకు మోజుపడి కొనే రోజులు పోయాయి.

ఇక మీ బీకర్లలోని దోమల విషయానికొస్తే, మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. మలేరియా క్రిమి దోమ కడుపులో రోనాల్డ్ రాస్ కంటపడింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో. అయినా డెంగీ దోమకు నేటికీ మంచి మందు శుక్రవారం డ్రై డే నాడు డ్రమ్ములు ఒంపేసి, తోమి ఆరబెట్టడమే. నల్లా సరిగా రాని ఊళ్లో నీళ్లు పట్టుకున్న ఇల్లాలిని ఒంపేయమనడం కష్టం. మీ మందు ఆ డ్రమ్ములో వేసినా, ఆ నీళ్లు తాగినా హాని లేదని తేలితే అది నిజంగా గొప్పే. తేలేదాకా మూత పెట్టమనే చెబుదాం.

అందుకని మీకు నా విన్నపం ఒకటే. వచ్చే వానాకాలం గట్టులో క్రాసింగ్ మొదలయ్యేలోపు మీలో నలుగురైనా వెళ్లి ఒక సీడ్ రైతును పది గుంటలు అడగండి. సగంలో మీ మందు, సగంలో మామూలు వేప కషాయం కొట్టండి. పురుగులతో పాటు వాటిని తినే సాలీళ్లను, అక్షింతల పురుగులను లెక్కపెట్టండి. మొగ్గలు గిల్లిన కూలీల చేతులు మండాయేమో సాయంత్రం అడిగి రాసుకోండి. వచ్చిన ఫలితాన్ని ఇంగ్లీషు పత్రికకు పంపేముందు తెలుగులో ఒక పేజీ రాసి ఆ రైతుకు ఇవ్వండి. ఆయనకు చదువు రాకపోతే పక్కన కూర్చుని చదివి వినిపించండి.