అయిదు వేళ్ళ మీద ఎవరి పేర్లు రాయాలి?

(ఆదివాసీ విద్యార్థి, యువజన శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సభల్లో ఎప్పుడూ పోడు పట్టాలు, 1/70 చట్టం, ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడాల్సిందే. ఈ రోజు నాకిచ్చిన టైములో మాత్రం ఎనిమిదేళ్ళ పిల్లల గురించి మాట్లాడతా.

మన ఆశ్రమ పాఠశాలలు చాలావరకు మూడో తరగతితో మొదలవుతాయి. అంటే నిన్నటిదాకా అవ్వ పక్కన పండుకున్న పిల్ల ఒక ట్రంకు పెట్టె, ఒక ప్లేటు, ఒక దుప్పటి పట్టుకొని బస్సెక్కుతుంది. ఆ రాత్రి హాల్లో పదుల మంది మధ్యన పండుకుంటుంది. పక్క తడిస్తే పొద్దున అందరూ నవ్వుతారు. ఏడిస్తే గోండిలోనో, కొలామిలోనో ఏడుస్తుంది, ఊకోబెట్టే సారుకు తెలుగు ఒక్కటే వస్తుంది. దండారి టైములో ఊళ్ళో డోలు మోగుతుంటదని గుర్తొచ్చి పిల్లగాడు నడుచుకుంటూ ఇంటికి పోతే "పారిపోయిండు" అంటారు. ఎనిమిదేళ్ళ పిల్లగాడు అవ్వ దగ్గరికి పోతే అది పారిపోవడం ఎట్లయితది?

ఈ పిల్లలకు కౌన్సెలర్ కావాలని మనం అడగాలి. కౌన్సెలింగ్ అనగానే మీకు ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. ఒకటి, సీట్ల కౌన్సెలింగ్. రెండోది, మన పోరగాళ్ళను స్టేషన్‌కు పిలిచి కూచోబెట్టి "కౌన్సెలింగ్ ఇచ్చి పంపించాం" అని పేపర్లో వేయించుకునేది. నేను చెప్పేది ఆ రెండూ కాదు.

అమెరికాలో ప్రాథమిక బడి కౌన్సెలర్ అని ఒక ఉద్యోగం ఉంది. ఆ కౌన్సెలర్ గదిలో కూచొని "చెడిపోయిన" పిల్లల కోసం ఎదురుచూడరు. టైంటేబుల్ ప్రకారం ఒక్కో తరగతికి పోయి అరగంట పాఠం చెప్తారు, లెక్కల పాఠం లాగే. బొమ్మలతో, కథలతో, ఆటతో. కోపం వస్తే ఒంట్లో ఏమైతది, ఎవరైనా ఎక్కిరిస్తే ఏం చేయాలి, ఏ తాకడం సరైంది కాదు, ఎవరికి చెప్పాలి. పాఠం అందరికీ కాబట్టి ఏ ఒక్కరి మీదా ముద్ర పడదు. పాఠం అయినంక ఒక పిల్ల మెల్లగా వెనక ఉండిపోతుంది, అసలు మాట అప్పుడు బయటికొస్తుంది. 250 మంది పిల్లలకు ఒక కౌన్సెలర్ ఉండాలని అక్కడి స్కూల్ కౌన్సెలర్ల సంఘం చెప్తుంది. కౌన్సెలర్‌కు శిక్షలు వేసే పని అప్పజెప్పొద్దని కూడా చెప్తుంది. ఆ రెండో మాట మనకు ముఖ్యం. మన దగ్గర పిల్లను తిట్టేదీ, హాజరు వేసేదీ, ఇంటికి పంపాలా వద్దా అని తేల్చేదీ ఒక్కరే. ఆయన మీద ఫిర్యాదు ఉంటే ఆయనకే చెప్పుకోవాలె.

అట్లని వాళ్ళ పాఠాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి పెడితే పనికిరాదు. ఒక ఉదాహరణ చెప్తా. ఇలాంటి క్లాసుల్లో ఎక్కువగా చేయించే పని ఒకటుంది. కాగితం మీద చెయ్యి పెట్టి గీయమంటారు. ఒక్కో వేలు మీద, నాకు కష్టం వస్తే నమ్మకంగా చెప్పుకోగల పెద్ద మనిషి పేరు ఒకటి రాయమంటారు. చాలా మంచి పాఠం. కానీ మన మూడో తరగతి పిల్ల ఏం రాస్తుంది? అవ్వ, బాపు, తాత, మేనమామ. నాలుగు వేళ్ళూ ఊళ్ళోనే ఉన్నాయి. మిగిలిన ఒక్క వేలు మీద బడిలో ఒక పేరు రాయగలదా? అది ఖాళీగా ఉంటే తప్పు పిల్లది కాదు, ఆ బడిది.

"1098 ఉంది కదా" అంటారు. ఉంది, గోడ మీద ఉంది. ఫోను ఎవరి దగ్గరుంది?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు చెప్పకపోవడం నేరం. కానీ జరిగింది తప్పు అని పిల్లకు ముందు తెలియాలి కదా, చెప్పడానికి మాట ఉండాలి కదా. 2020లో కేంద్రం బడుల్లో ఆరోగ్య కార్యక్రమం ఒకటి మొదలుపెట్టింది. బడికి ఇద్దరు టీచర్లు, మనసు ఆరోగ్యం కూడా అందులో ఒక అంశం. అయితే మొదట తీసుకున్నది 6 నుంచి 12 తరగతులనే. మూడు, నాలుగు, అయిదు తరగతులను పక్కన పెట్టారు. ఇల్లు విడిచిన మొదటి ఏడాదే కదా పిల్లకు అన్నిటికంటే బరువు!

ఇక భాష. దిగులు, బెంగ, భయం, సిగ్గు, ఈ మాటలు మీ మీ భాషల్లో ఒకసారి మనసులో అనుకోండి. ఇప్పుడు అవే తెలుగులో అనుకోండి. ఒకటేనా? ఎనిమిదేళ్ళ పిల్ల తన భయాన్ని నిన్నగాక మొన్న నేర్చుకున్న భాషలో చెప్పలేదు. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. 1943లోనే హైమండార్ఫ్ కాలంలో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ ఇచ్చారు, గోండి వాచకాలు తయారుచేశారు. ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, సవర, కువి లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు వచ్చాయి. మరోపక్క, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో నంబర్ 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాన్ని మనం ఉద్యోగాల నష్టంగానే లెక్కేశాం. రాత్రి ఏడ్చే పిల్లతో ఆమె భాషలో మాట్లాడే మనిషి పోవడం కూడా ఆ నష్టంలో ఉంది.

"ముందు అన్నం సక్కగ పెట్టమను, తర్వాత కౌన్సెలర్" అని మనవాళ్ళే అంటారు. అన్నం బాగలేదని చెప్పడానికి కూడా భయపడే పిల్లకు అన్నం ఎట్ల మారుతది?

మన దగ్గర సైకాలజీ, సోషల్ వర్క్, బీఎడ్ చదివిన అక్కలు, అన్నలు ఖాళీగా ఉన్నారు. వాళ్ళకు ట్రైనింగ్ ఇచ్చి, రెండు మూడు ఆశ్రమ పాఠశాలలకు ఒకరిని, వార్డెన్ కింద కాకుండా నేరుగా ఐటీడీఏ కింద పెట్టమని అడుగుదాం. 250కి ఒకరు వెంటనే రారు, తెలుసు. వారానికి ఒక్క పీరియడ్, పిల్లల భాషలో, మూడో తరగతి నుంచి. అక్కడ మొదలుపెట్టమందాం.

అర్జీ రాసే ముందు ఒక పని చేయండి. ఈ సెలవులకు ఇంటికొచ్చిన మీ తమ్ముడినో చెల్లినో పక్కన కూచోబెట్టుకొని ఆ చెయ్యి బొమ్మ గీయించండి. మార్కుల గురించి అడగొద్దు. అయిదో వేలు మీద ఏం రాశారో చూడండి. ఆ కాగితాలన్నీ అర్జీకి జతచేద్దాం. పేర్లు మాత్రం కొట్టేసి పంపండి, ఏ పిల్లకూ బడిలో ఇబ్బంది రావొద్దు.