పెళ్లి ఖర్చుకు మూడు లెక్కలు

పెళ్లి పెట్టుకున్న ఇంట్లో మొదట తేలాల్సింది ఎంతమంది వస్తారన్నది. అది ముందుగా ఎవరికీ తెలియదు. తెలియని దానికి ఒక్క అంకె రాసుకుని, ఖర్చంతా దాని మీదే కట్టడం పొరపాటని నా అభిప్రాయం. స్ప్రెడ్‌షీట్ పనికొచ్చేది ఇక్కడే. 1979లో వచ్చిన విసికాల్క్ నుంచి నేటి ఎక్సెల్ దాకా దాని గుణం ఒక్కటే: ఒక గడిలో అంకె మారిస్తే, దాని మీద ఆధారపడ్డ లెక్కలన్నీ వాటంతటవే మారతాయి. అందుకే అతిథుల సంఖ్యకో గడి, ప్లేటు ధరకో గడి విడిగా పెట్టండి. తక్కువ మంది వస్తే, అనుకున్నంత మంది వస్తే, ఎక్కువ మంది వస్తే... ఇలా మూడు లెక్కలు వేయండి. అప్పుడొక సంగతి బయటపడుతుంది. హాలు అద్దె, పురోహితుడి సంభావన, సన్నాయి మేళం ఖర్చు పెద్దగా కదలవు. భోజనాల ఖర్చు మాత్రం తలకింత చొప్పున పెరుగుతూ పోతుంది. కాబట్టి కేటరింగ్ వాళ్లతో ప్లేటు ధర ఒక్కటే మాట్లాడితే చాలదు. కనీసం ఎన్ని ప్లేట్లకు డబ్బు కట్టాలి, ఆఖరి సంఖ్య ఎప్పటిలోగా చెప్పాలి, ఇవీ తేల్చుకోవాలి.

"మా పెద్దవాళ్లు కాగితం మీదే వేసేవారు, ఏం తక్కువైంది?" అనొచ్చు. నిజమే, వాళ్ల అంచనా గట్టిది. ఎవరింటి నుంచి ఎందరొస్తారో పెద్దమ్మకు తెలిసినంతగా ఏ సూత్రానికీ తెలియదు. ఆ అంచనానే గడిలో వేయండి. కాగితంతో చిక్కల్లా ఒక్కటే: అంకె మారినప్పుడల్లా మొత్తం మళ్లీ కూడాలి. ఆ విసుగులో రెండో లెక్క ఎవరూ వేయరు. శ్రావణంలో ముహూర్తమైతే, వాన పడితే ఏం చేయాలన్న నాలుగో లెక్క కూడా వేయండి. అడ్వాన్సు ఇవ్వకముందే వేయండి.