టైల్స్ కింద దాగే పని



ఇంటికి టైల్స్ వేయించడమనగానే రంగు, మెరుపు, ధర అనే మూడు విషయాలే ముందుగా చర్చకు వస్తాయి. నగరంలోని బహుళ అంతస్తుల భవనంలో, ముఖ్యంగా స్నానాల గదిలో, ఈ మూడింటికంటే ముందు ఆలోచించవలసింది నీటిని గురించి.

తెలుగు పల్లెల్లో స్నానాల గది చాలాకాలం పెరట్లోనే ఉండేది. కడప బండలో షాబాదు బండలో పరిచి, వాడిన నీటిని అరటి పాదుకు మళ్లించేవారు. బండల సందుల్లో కాస్త నీరు ఇంకినా అది మట్టిలోకే చేరేది. బెంగళూరులోనో చెన్నైలోనో మూడో అంతస్తులో కాపురముంటున్న కుటుంబానికి స్నానాల గది కింద మట్టి లేదు. పొరుగువారి పైకప్పు ఉంది. అక్కడ ఇంకిన నీరు కింది ఇంట మరకగా తేలుతుంది. కాలక్రమంలో కాంక్రీటులోని ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. ఇరుగుపొరుగుల మధ్య మాటలు ఆగిపోవడానికీ అదే కారణమవుతుంది.

టైల్స్ ఉన్నాయి గనుక నీరు దిగదని చాలామంది నమ్మకం. ఆ నమ్మకం సరికాదు. టైలు నీటిని ఆపినా, టైళ్ల మధ్య సిమెంటుతో నింపిన సందులు పూర్తిగా ఆపలేవు. నీటిని నిలువరించేది టైళ్ల కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ పొర. గొట్టాలు నేలను చీల్చుకొని వచ్చే చోట్ల, గోడ నేలను కలిసే మూలల్లో ఈ పొర మరింత శ్రద్ధగా వేయాలి. గోడపైకి కనీసం ఒక అడుగు ఎత్తు వరకు, షవరు కింద ఇంకా పైవరకు సాగాలి.

పొర ఆరిన తరువాత నీరు పోయే మార్గాన్ని మూసి, నేలపై రెండంగుళాల నీటిని 48 గంటలు నిలబెట్టాలి. నీటి మట్టాన్ని గోడపై గుర్తు పెట్టి, కింది ఇంటి పైకప్పును కూడా పరిశీలించాలి. గృహప్రవేశ ముహూర్తం దగ్గరపడిందని ఈ రెండు రోజులను వదులుకునేవారు ఎందరో. తరువాత దోషం బయటపడితే వేసిన టైల్స్ పగలగొట్టక తప్పదు.

తరువాతది వాలు. నేల మీటరుకు సుమారు 10 మిల్లీమీటర్ల చొప్పున నీటి జాలీ వైపు వాలాలి. టైల్స్ అతికించకముందే ఈ వాలును రసమట్టంతో సరిచూడాలి.

ఎంపికలోనూ వివేకం అవసరం. గోడకు వాడే మామూలు సిరామిక్ టైలు తన బరువులో 10 శాతానికి మించి నీటిని పీల్చగలదు; విట్రిఫైడ్ టైలు సగం శాతం కూడా పీల్చదు. అందుకే గోడ టైలును నేలకు వాడరాదు. వృద్ధులున్న ఇంట నున్నని మెరుపు కంటే జారని గరుకుదనమే మేలు. కోతలకు, పగుళ్లకు సరిపడా పదో వంతు అదనంగా కొనాలి. పెట్టెలన్నింటి మీద ఒకే షేడ్ సంఖ్య ఉందో లేదో చూసుకోవాలి.

అతికించేటప్పుడు నాలుగు మూలల్లో నాలుగు ముద్దలు పెట్టి నొక్కడం పొరపాటు. మధ్యలో మిగిలిన ఖాళీలో నీరు చేరుతుంది; బరువు పడితే టైలు పగులుతుంది. అతికించే పదార్థాన్ని పళ్లున్న కరణితో టైలు అడుగంతా పరవాలి. మరునాటికి గట్టిపడిన తరువాత వేలి కణుపుతో తట్టిచూస్తే, బోలు శబ్దం వచ్చిన చోటు లోపాన్ని చెబుతుంది. సందులు నింపడం ఆ తరువాతి పని.

పనివారి ఆరోగ్యం కూడా ఇంటివారి బాధ్యతే. టైలును పొడిగా కోస్తే లేచే ధూళిలో సిలికా ఉంటుంది; అది ఊపిరితిత్తులకు శాశ్వత హాని చేస్తుంది. నీరు చల్లుతూ కోయమని కోరడం, మాస్కులు సమకూర్చడం పెద్ద ఖర్చు కాదు.

అద్దె ఇంట్లో ఉన్నవారు పనికి ముందే యజమాని అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవాలి. సొంత ఇంటివారు కింది కుటుంబానికి తప్పక తెలియజేయాలి. దూరప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబానికి ఆపదలో ముందుగా తలుపు తట్టేది ఆ పొరుగువారే. వారి పైకప్పు పొడిగా ఉంచడం మంచి పొరుగుతనానికి మొదటి మెట్టు.