గడియారానికి కాపలాదారులు
(ప్లాటినం జూబిలీ సందర్భంగా విద్యార్థుల కొరకు చేసిన ప్రసంగ పాఠం)



రోజుకు 86,400 సెకన్లు. గోడ గడియారం రోజుకు ఒక సెకను తప్పితే ఇంట్లో ఎవరూ గమనించరు. లెక్కగట్టి చూస్తే అది పది లక్షల్లో సుమారు పన్నెండు పాళ్ల దోషం. ఈ దోషాన్ని వేల రెట్లు, లక్షల రెట్లు తగ్గించాలని సొంత ఖర్చుతో, తీరిక వేళల్లో శ్రమించే ఔత్సాహికులు లోకంలో అనేకులున్నారు. వారిలో ఒకరైన అమెరికా వాసి టామ్ వాన్ బాక్ 2005లో మూడు సీసియం గడియారాలను వాహనంలో పెట్టుకొని, పిల్లలతో కలిసి రైనియర్ పర్వతం మీద దాదాపు రెండు రోజులు గడిపారు. తిరిగి వచ్చి ఇంటివద్ద ఉంచిన గడియారాలతో పోల్చగా, కొండ మీదికి వెళ్లినవి ఇరవై పైచిలుకు నానోసెకన్లు ముందున్నాయి. ఎత్తుకు వెళ్లిన కొద్దీ కాలం వేగంగా నడుస్తుందన్న ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఒక కుటుంబ విహారయాత్రలో కంటికి కనిపించింది.

ఇంతటి సునిశితత్వం గడియారం ఒక్కదాని గొప్పతనం కాదు. దాని చుట్టూ నిలిచి కాపలా కాసే చిన్న భాగాలు ఉన్నాయి. కెపాసిటరు, వోల్టేజి రెగ్యులేటరు, ప్రామాణిక సంకేతం అన్నవి వాటిలో ముఖ్యమైనవి.

చేతి గడియారంలోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేను సార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది. అదే సెకను ముల్లు వేసే అడుగు. అయితే ఈ పౌనఃపున్యం ఉష్ణోగ్రతను బట్టి, స్ఫటికానికి జతచేసిన కెపాసిటర్లను బట్టి మారుతుంది. ఈ రకం స్ఫటికానికి 25 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం అనుకూలం. అక్కడి నుండి 20 డిగ్రీలు పెరిగినా, తగ్గినా గడియారం రోజుకు సుమారు ఒక సెకను వెనుకబడుతుంది. ఎండకు వెనుకబడిన గడియారం చలికి ముందుకు పోయి లెక్క సరిచేస్తుందని ఆశించరాదు. రెండు వైపులా నష్టమే.

పూర్వం కండెన్సరు అని పిలిచిన కెపాసిటరు విద్యుదావేశాన్ని నిలువ చేస్తుంది. సరఫరా మార్గంలో దాని పని ఊరి చెరువు పని వంటిది. ప్రవాహం ఎక్కువైనప్పుడు నింపుకొని, తక్కువైనప్పుడు వదులుతుంది. కాని కెపాసిటర్లన్నీ ఒకే జాతివి కావు. బేరియం టైటనేట్‌తో చేసిన సిరామిక్ కెపాసిటర్లు చిన్న పరిమాణంలో ఎక్కువ ఆవేశాన్ని ఇముడ్చుకొంటాయి. అయితే వాటి విలువ వేడికీ, వోల్టేజికీ మారిపోతుంది. పెన్సిలుతో తట్టినా వాటిలో స్వల్పమైన వోల్టేజి పుడుతుంది. సరఫరా మార్గంలో అవి చాలు. స్ఫటికం పక్కన మాత్రం ఎన్.పి.ఓ. రకం కావాలి. దాని విలువ డిగ్రీకి పది లక్షల్లో 30 పాళ్లకు మించి మారదు. ఇక ఎలక్ట్రోలిటిక్ రకానికి వేడి శత్రువు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుర్దాయం దాదాపు సగమవుతుంది. అందుకే పాత పరికరం చెడినప్పుడు అనుభవజ్ఞులైన మెకానిక్‌లు ముందుగా పైభాగం ఉబ్బిన కెపాసిటర్ల కోసం వెదుకుతారు.

ఉన్నత శ్రేణి డోలకాలలో స్ఫటికాన్ని చిన్న పెట్టెలో ఉంచి, హీటరుతో ఎల్లప్పుడూ ఒకే వేడిమిలో నిలుపుతారు. దాని పౌనఃపున్యాన్ని సవరించటానికి ఒక నియంత్రణ వోల్టేజిని ఇస్తారు. ఉదాహరణకు, ఆ వోల్టేజి 5 వోల్టులు మారితే పౌనఃపున్యం పది లక్షల్లో ఒక పాలు మారుతుందనుకొందాం. అప్పుడు ఒక్క మిల్లీవోల్టు తేడా రోజుకు 17 మైక్రోసెకన్ల దోషం తెస్తుంది. చెన్నై రిచీ స్ట్రీట్‌లోనూ, బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోనూ కొద్ది రూపాయలకు దొరికే 7805 రెగ్యులేటరు మంచి పనివాడే. అయినా దాని వోల్టేజి డిగ్రీకి సుమారు ఒక మిల్లీవోల్టు చొప్పున జరుగుతుంది. హీటరుకు, అంకెలు చూపే భాగానికి అది సరిపోతుంది. నియంత్రణ వోల్టేజికి మాత్రం ఎల్.ఎం.399 వంటి ప్రామాణిక వోల్టేజి మూలం కావాలి. తనను తానే వేడిచేసుకొని స్థిరంగా నిలిచే ఈ భాగం డిగ్రీకి పది లక్షల్లో ఒకటి రెండు పాళ్లకు మించి మారదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా ఏ గడియారమూ తన దోషాన్ని తాను తెలుసుకోలేదు. అందుకు బయటి ప్రమాణం కావాలి. 1967 నుండి సెకనుకు ప్రమాణం సీసియం పరమాణువు. దాని వికిరణం 9,192,631,770 సార్లు డోలనం చేసే వ్యవధి ఒక సెకను. ఉపగ్రహాలలోని పరమాణు గడియారాలు ఇటువంటి ప్రమాణాన్ని ఇంటింటికీ చేరుస్తున్నాయి. చిన్న జి.పి.ఎస్. రిసీవరు సెకనుకొక స్పందనను ఇస్తుంది. ఒక్కొక్క స్పందన పదుల నానోసెకన్లు అటూ ఇటూ ఊగినా, రోజుల తరబడి చూస్తే అది దారి తప్పదు. స్ఫటికం స్వభావం ఇందుకు వ్యతిరేకం. క్షణాలలో స్థిరం, నెలలలో చంచలం. ఈ రెండింటినీ జోడించి, ఒకదాని లోపాన్ని మరొకదానితో పూరించడమే ఔత్సాహికుల ప్రధానమైన విద్య.

ఇది కేవలం వినోదం కాదు. నానోసెకను కాలంలో కాంతి 30 సెంటీమీటర్లు పయనిస్తుంది. కనుక కాలంలో తప్పు స్థానంలో తప్పుగా మారుతుంది. 2017 జనవరి నాటికి భారతదేశపు ఐ.ఆర్.ఎన్.ఎస్.ఎస్.-1ఎ ఉపగ్రహంలోని మూడు రుబీడియం గడియారాలూ విఫలమయ్యాయి. ఉపగ్రహం కక్ష్యలోనే ఉన్నా దారి చూపే పనికి దూరమైంది. 2018 ఏప్రిల్ 12న శ్రీహరికోట నుండి మరొక ఉపగ్రహాన్ని పంపవలసి వచ్చింది. 2023 మే 29న అక్కడి నుండే ఎగసిన ఎన్.వి.ఎస్.-01 దేశీయంగా నిర్మించిన రుబీడియం గడియారాన్ని మోసుకొని వెళ్లింది.

పాఠశాల ప్రయోగశాలలోనూ ఈ విద్యకు శ్రీకారం చుట్టవచ్చు. ఒక క్వార్ట్జ్ గోడ గడియారాన్ని ప్రతిరోజూ ఒకే వేళకు ఉపగ్రహ సంకేతంతో పోల్చి, తేడానూ గది ఉష్ణోగ్రతనూ నోటుపుస్తకంలో వ్రాయాలి. నెల తిరిగేసరికి గ్రాఫు గీయాలి. ముల్లును సరిచేయరాదు. సరిచేస్తే దోషం కనిపించదు. ఏడాది చివర ఆ నోటుపుస్తకాన్ని తరువాతి తరగతికి అప్పగించాలి. స్ఫటికం ఏటేటా ఎంత మారుతున్నదో తెలియాలంటే ఒక్క తరగతి వ్రాసిన లెక్క చాలదు.