తెరమీద లేని నొప్పి



నాకు పదకొండేళ్ళుగా కీళ్ళవాతం. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండుమూడు రెట్లు ఎక్కువగా కనిపించే జబ్బు ఇది. పొద్దున లేచాక గంటసేపు వేళ్ళు ముడవలేను. కుళాయి తిప్పలేను, జడ వేసుకోలేను. మధ్యాహ్నానికి కాస్త సర్దుకుంటుంది. "పొద్దున లేవలేనన్నావు, ఇప్పుడు బాగానే తిరుగుతున్నావే!" అంటారు ఇంట్లో.

ఈ అనుమానం ఎక్కణ్ణించి వచ్చింది? సాయంత్రం అందరం కలిసి చూసే సీరియల్లో అత్తగారు పని తప్పించుకోవడానికి నడుంనొప్పి నటిస్తుంది. సినిమాలో జబ్బుమనిషి చివరికి చచ్చిపోతుంది, లేదా లేచి నడుస్తుంది. చావకుండా, తగ్గకుండా, ఆ నొప్పితోనే వంటచేసి ఉద్యోగానికి వెళ్ళే మనిషి ఎక్కడా కనబడదు. తెరమీద చూడని నొప్పిని ఇంట్లో నమ్మరు, ఆఫీసులో సెలవివ్వరు.

మూడు నెలలు దాటి ఉండేది దీర్ఘకాలిక నొప్పి. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దానికి విడిగా చోటిచ్చింది. వికలాంగులను మూసపాత్రలుగా చూపవద్దని, చిత్రాల రూపకల్పనలో వాళ్ళను భాగస్వాములను చేయాలని సుప్రీంకోర్టు 2024 జూలైలో చెప్పింది. కానీ 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో దీర్ఘకాలిక నొప్పి పేరు లేదు. కాబట్టి మనమే అడగాలి.

మనం కోరేది జాలి కాదు. ఒకరోజు బాగుండి మర్నాడు లేవలేని మనిషిని ఉన్నదున్నట్టు చూపమని సీరియల్ రచయితలకు, చానళ్ళకు ఉత్తరాలు రాద్దాం. రాసేముందు మమ్మల్ని అడగమందాం.

నా మాట నమ్మడానికి నా వేళ్ళు వంకరపోయేదాకా ఎవరూ ఆగనక్కర్లేదు.