విద్యార్థులకు దారి చూపువారికి శిక్షణము
(నల్లజర్ల వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఏలూరునుండియు, తాడేపల్లిగూడెమునుండియు, కొల్లేటి లంకలనుండియు, ఈ మెట్టగ్రామములనుండియు వ్యయప్రయాసల కోర్చి విచ్చేసిన మీ యెదుట నాలుగు మాటలు చెప్పు నవకాశము నాకు కల్పించిన పెద్దలకు వందనములు. విద్యనుగూర్చి మన సభలలో ఏటేట ఉపన్యాసములు జరుగుచునే యున్నవి. విద్యార్థికి ధనసాహాయ్యము చేయవలయునని చెప్పినవారు పెక్కుమంది. ఆ విద్యార్థికి వృత్తివిషయమున సలహా చెప్పు నధ్యాపకునికి, హాస్టలు వార్డెనునకు, ప్లేస్‌మెంటు ఆఫీసరునకు శిక్షణ మిప్పింపవలయునని చెప్పినవారు అరుదు. నేడు నేను మనవి చేయబోవు విషయ మిదియే.

గడచిన శతాబ్ది పూర్వార్ధమున తెలుగుదేశమునందు వెలసిన కులసంఘములలో ననేకములు ముందుగా చేపట్టిన కార్యములు రెండు: విద్యానిధి, విద్యార్థివసతిగృహము. ఊరి బడిలో చదువు ముగించిన బాలుడు పట్టణమున తల దాచుకొనుటకు చోటు లేకయు, ఫీజు కట్టుటకు పైకము లేకయు చదువు మానుకొనుచుండిన దినము లవి. కాలేజి చదువు కావలెనన్న బందరో, రాజమహేంద్రవరమో పోవలసియుండెను. 1945లో ఏలూరున సర్ సి. ఆర్. రెడ్డి కళాశాల వెలసినది. 2007లో ఈ ప్రాంతముననే వెంకట్రామన్నగూడెమున ఉద్యానవిశ్వవిద్యాలయము ఏర్పడినది. 2015లో తాడేపల్లిగూడెమునకు జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వచ్చినది. నాడు మన పూర్వులు ఏ తలుపు తెఱపింపవలెనని శ్రమపడిరో, ఆ తలుపునకు మాఱుగా నేడు పది తలుపులు తెఱచియున్నవి. ఏ తలుపున ప్రవేశించిన ఎచ్చటికి పోవుదుమో తెలియకపోవుటయే నేటి చిక్కు.

తాతముత్తాతల కాలమున ఈ చిక్కు లేదు. తండ్రి చేయు పని కొడుకు చేసెను. చేను, మగ్గము, కొలిమి, దుకాణము ఏది యున్న నదియే పాఠశాల; తండ్రియే గురువు. అందు స్వేచ్ఛ లేదు. స్వేచ్ఛ లేనిచోట సలహాదారుతో పని యుండదు. ఆ కట్టు సడలినందుకు మనము సంతసింపవలసినదే. కాని స్వేచ్ఛతోపాటు ఎంపిక చేసికొను భారము వచ్చినది. పదునేడేండ్ల పిల్లవాడు ఆ భారమును మోయుచున్నాడు. తండ్రికి తెలిసినది రెండు మూడు వృత్తులు. ప్రక్కయింటివాని కొడుకు ఏ కోర్సులో చేరెనో అదియే దారి. నాలుగేండ్ల చదువు ముగిసిన పిదప దారి తప్పితినని తెలిసికొన్నచో పోయినది ఫీజు మాత్రమే కాదు. అమ్మిన యెకరము మరల రాదు. గడచిన వయస్సు అంతకంటెను రాదు.

మఱి కాలేజిలో అతనికి చెప్పువా రెవ్వరు? పెక్కు కాలేజీలలో అర్థశాస్త్రమో, ఆంగ్లమో బోధించు నొక అధ్యాపకునికి ఈ పని అదనముగా నప్పగింపబడును. అతడు వారమునకు పదునాఱు గంటలు పాఠము చెప్పి, పరీక్షాపత్రములు దిద్ది, మిగిలిన వేళలో ప్లేస్‌మెంటు ఆఫీసరు కావలయును. పదునొకండవ పంచవర్షప్రణాళికా కాలమున విశ్వవిద్యాలయ ధనసహాయసంఘము వృత్తి సలహాకేంద్రములకు ధన మిచ్చినది. మన ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో జవహర్ నాలెడ్జి సెంటర్లను స్థాపించిరి. ఇవి మేలైన యేర్పాటులే. అయినను గదిపైన పలక కట్టినంతమాత్రమున లోపల కూర్చున్నవానికి విద్య యబ్బదు. వైద్యునికి శిక్షణము వలయునని ఒప్పుకొందుము. బస్సు నడుపువానికి లైసెన్సు వలయునని ఒప్పుకొందుము. పిల్లవాని నలువదేండ్ల జీవనమునుగూర్చి సలహా చెప్పువానికి మాత్రము మంచి మనస్సున్న చాలునని యనుకొనుచున్నాము.

ఈ విషయమును లోకము ఏనాడో గుర్తించినది. అమెరికాలోని బోస్టను నగరమున ఫ్రాంక్ పార్సన్స్ అనునతడు 1908లో వృత్తిసలహా కార్యాలయమును తెఱచెను. తన్ను తా నెఱుగుట, వృత్తుల నెఱుగుట, ఈ రెంటిని పోల్చి యుక్తముగా నిర్ణయించుట అని అతడు చూపిన మెట్లు మూడు. ఆ యేడే అతడు పరమపదించెను. అతని గ్రంథము 1909లో వెలువడినది. సలహా చెప్పువారికి శిక్షణ మిచ్చు పాఠశాలను గుఱించి అతడు అందొక ప్రకరణమే వ్రాసియుండుట మనము గమనింపవలసిన సంగతి. పని పుట్టిననాడే ఆ పనివానికి చదువు కావలెనన్న తలంపు పుట్టినది.

మన దేశమున 1938లో కలకత్తా విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్ర విభాగమువారు ఈ కృషి కారంభించిరి. 1947లో బొంబాయి పార్సీ పంచాయతు తన సమాజములోని యువకులకొఱకు వృత్తి మార్గదర్శన కార్యాలయమును నెలకొల్పినది. సోదరులారా! అదియు మన సంఘమువంటి సమాజసంస్థయే. సంఖ్యలో చిన్నదైన సమాజము, ప్రభుత్వము చేయువఱకు వేచియుండక, తానే పూనుకొన్నది. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతను నడచిన మాధ్యమిక విద్యాసంఘము మార్గదర్శకులకు శిక్షణ మిచ్చు కేంద్రములను వివిధ ప్రాంతములలో నెలకొల్పవలెనని సూచించినది. 1964-66 నాటి కొఠారీ సంఘము పది ఉన్నతపాఠశాలలకు ఒక్క సలహాదారుడైన నుండవలెనని కోరినది. ఆ కోరిక యెంతవఱకు నెఱవేఱెనో మన గ్రామములలోని యున్నతపాఠశాలలను చూచిన తెలియును.

ఇక, ఈ శిక్షణములో నేర్పవలసిన దేమి? నా యభిప్రాయమున ముఖ్యాంశములు నాలుగు.

మొదటిది వినుట. ఒక విద్యార్థి వచ్చి, "మాస్టరుగారూ, నాకు సాఫ్ట్‌వేరు ఉద్యోగము కావలెనండీ" అనె ననుకొందము. శిక్షణము లేనివాడు వెంటనే ఒక కోర్సు పేరు చెప్పి పంపివేయును. శిక్షితుడు, "కూర్చుండు నాయనా! ఆ పని యెట్లుండునో ఎవరివలన విన్నావు? ఏ పని చేయునపుడు నీకు ప్రొద్దు తెలియదు? ఇంటిలో నీ జీతముకొఱకు ఎదురుచూచువా రెందఱు? ఊరు విడిచి పోగలవా?" అని యడుగును. అరగంటలో ఆ పిల్లవానికి కావలసినది సాఫ్ట్‌వేరు గాక, అప్పు తీర్చుటకు త్వరగా వచ్చు జీతమని తేలవచ్చును. అప్పుడు చెప్పవలసిన సలహా వేఱు. అభిరుచిని, సామర్థ్యమును కొలుచు పరీక్షలు కొన్ని గలవు. వానిలో పెక్కులు ఆంగ్లమున వ్రాయబడినవి. తెలుగుమాధ్యమమున చదివిన బాలిక ప్రశ్న బోధపడక తప్పు గుర్తు పెట్టినచో, ఆ తప్పు ఆమె బుద్ధిది కాదు. పరీక్ష చెప్పున దెంత, చెప్పజాలని దెంత అను వివేకము అభ్యాసమువలననే కలుగును.

రెండవది వృత్తుల నెఱుగుట. మన చుట్టునున్న ప్రదేశమునే చూడుడు. కొల్లేటి యంచున చేపలచెఱువు లనగానే చెఱువు త్రవ్వుటయు, మేత వేయుటయు మాత్రమే మనకు స్ఫురించును. కాని దాని చుట్టు చేపపిల్లల ఉత్పత్తి, నీటి పరీక్ష, వ్యాధినిర్ణయము, మేత తయారుచేయు మిల్లు, మంచుకర్మాగారము, ప్యాకింగు, ఎగుమతి పత్రములు, లెక్కలు ఇన్ని పనులు గలవు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క చదువు. మఱియు 1999లో కొల్లేటిని ఐదవ కాంటూరువఱకు అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది రామ్‌సార్ పట్టికలో చేరినది. 2006లో ఆ హద్దులోని చెఱువులను ప్రభుత్వమువారు గండ్లు కొట్టించిరి. ఈ సంగతి తెలియక "చేపలలో లాభ మున్నది, పొమ్ము" అని చెప్పుట సలహా కానేరదు. పెదవేగిలో ఆయిల్‌పాము పరిశోధనసంస్థ గలదు. మన మెట్టలో ఆ తోట లున్నవి. అచ్చట విద్యావంతులకు ఏయే పను లుండునో ఎన్ని కాలేజీలలో చెప్పుచున్నారు?

నియమములును నిలుకడగా నుండవు. ఒక్క సంవత్సరపు బి.ఇడి. చదువును 2015లో రెండేండ్లు చేసిరి. పిదప 2025లో మరల నొక్కయేటి చదువును ప్రవేశపెట్టుటకు ప్రతిపాదన వచ్చినది. మన రాష్ట్రమున 2020-21లో వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక విద్యార్థి పదినెలలు బయట పనిలో అనుభవము గడింపవలయునని విధించినది: మొదటి యేటి పిదప రెండునెలల సామాజికసేవ, రెండవ యేటి పిదప రెండునెలల ఇంటర్న్‌షిప్పు, మూడవ యేట ఒక సెమిస్టరు పూర్తిగా. ఇంతమందికి పని చూపు బాధ్యత అధ్యాపకుని మీద పడినది. ఆ బాధ్యతను నిర్వహించు విధ మతనికి నేర్పుటయు నంత యవసరమే. కావున ఒకమాఱు నేర్చినది చాలదు, యేటేట నేర్చుకొనుచుండవలయును.

మూడవది ధర్మము. కొన్ని ప్రైవేటు విద్యాసంస్థలు ఇంతమంది విద్యార్థులను చేర్పింపుడని తమ యధ్యాపకులనే వేసవిలో గ్రామములమీదికి పంపుట మీ రెఱుగుదురు. అట్లు వచ్చినవాడు చెప్పు మాట అమ్మకపు మాటయే గాని సలహా కాదు. పిల్లవానిని చేర్పించినందుకు పైకము పుచ్చుకొనువాడు వానికి దారి చూపరాదు. విద్యార్థి నమ్మి చెప్పిన గృహరహస్యమును రచ్చబండకు తేరాదు. ఈ రెండు నియమములును ప్రమాణపూర్వకముగా నేర్పవలసినవి.

నాలుగవది తల్లిదండ్రులతో మాటలాడు నేర్పు, ముఖ్యముగా ఆడపిల్లల విషయమున. మన యిండ్లలో ఆడపిల్ల చదువు సంబంధము కుదురువఱకే యని తలచువారు ఇంకను గలరు. ఆమెతో వేఱుగా మాటలాడి, ఆమె మన సెఱిగి, పిదప తండ్రిని నొప్పింపకయే "బాబుగారూ, మీ అమ్మాయి మాటకూడ నొక్కమాఱు వినుడు" అని చెప్పగల స్త్రీ మార్గదర్శకులు మనకు కావలెను. తండ్రితో కలహించిన సలహాదారుడు బాలికకు మేలు చేయజాలడు. తండ్రికి భయపడినవాడు అసలే చేయజాలడు.

"ఉద్యోగములలో నున్న మన పెద్దలు చెప్పరా?" యని కొంద రడుగుదురు. చెప్పుదురు, వారి సాయము అమూల్యము. కాని ప్రతివాడును తాను వచ్చిన దారియే రాజమార్గ మనుకొనును. ముప్పదియేండ్ల క్రిందట తనకు ఫలించినది నేడును ఫలించునని తలచును. వారిని శిక్షితుడైన మార్గదర్శి పిలిచి, తగిన విద్యార్థితో తగిన సమయమున కలుపవలెను. మఱికొందఱు, "కంపెనీలు కాలేజికి వచ్చి ఉద్యోగము లిచ్చుచున్నవి గదా!" యందురు. కంపెనీ వచ్చినరోజు ఇరువదిమందికి పండుగ. తక్కినవారు సాయంకాలము ఏ మొగముతో ఇంటికి పోవుదురో ఆలోచింపుడు. వారి ప్రక్కన కూర్చుండువాడే నిజమైన మార్గదర్శి.

వ్యయమునుగూర్చి భయపడ నక్కఱలేదు. జాతీయ విద్యాపరిశోధన శిక్షణమండలివారి మార్గదర్శన డిప్లొమాలో ఆఱునెలలు దూరవిద్య, మూడునెలలు ప్రత్యక్షబోధ, మూడునెలలు స్వస్థలమున అభ్యాసము అను పద్ధతి గలదు. మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థ దాని కేంద్రములలో నొకటి. అది పాఠశాలల నుద్దేశించిన చదువైనను, దాని మూలసూత్రములు కాలేజికిని పనికివచ్చును. ఉద్యోగము వీడకయే చాలభాగము నేర్చుకొను నా పద్ధతిని మనమును అనుకరింపవచ్చును.

కావున ఈ మహాసభవారి పరిశీలనకై నాలుగు తీర్మానములను సవినయముగా సూచించుచున్నాను:

1. విద్యానిధి వార్షికాదాయములో పదియవ వంతు, విద్యార్థులకు సలహా చెప్పు అధ్యాపకుల, వార్డెన్ల శిక్షణమునకై ప్రత్యేకింపవలెను.

2. అర్హతగల ఉపాధ్యాయు నొక్కరిని, ఉపాధ్యాయురాలి నొక్కరిని డిప్లొమా చదువునకు పంపి, తిరిగివచ్చిన పిదప మూడేండ్లు ఇతరులకు నేర్పునట్లు ఒడంబడిక చేసికొనవలెను.

3. వేసవిలో ఆఱు దినముల శిక్షణ తరగతియు, పిదప నెలకొక ఆదివారము కూటమియు జరుపవలెను. ప్రతి కూటమిలో ఒక కర్మాగారమునో, పరిశోధనసంస్థనో, తోటనో దర్శించి, పేర్లు చెప్పక ఇద్దఱు విద్యార్థుల సమస్యలను చర్చింపవలెను.

4. ఈ తరగతులలో చేరుటకు గాని, శిక్షితుల సలహా పొందుటకు గాని కులభేదము పాటింపరాదు.

నాలుగవదానిని గూర్చి ఒక్క మాట. మన సొమ్ముతో ఇతరుల పిల్లల కేల యని యడుగవచ్చును. కాలేజి గదిలో కూర్చున్న అధ్యాపకుడు వచ్చినవానిని కులమడిగి సలహా చెప్పడు, చెప్పరాదు. దీపము వెలిగించినవాడు వెలుతురునకు గట్టు వేయజాలడు. మన పిల్లలకు ఇతరుల దీపములు కూడ దారి చూపుచునే యున్నవి గదా!

ధనికులైన పోషకులకు తుదిమనవి. మీ రిచ్చు స్కాలర్‌షిప్పు ఒక విద్యార్థిని ఒక యేడు చదివించును. ఒక అధ్యాపకునికి మీరు ఇప్పించు శిక్షణము అతడు ఉద్యోగము విరమించువఱకు ఏటేట వచ్చు విద్యార్థుల కందఱకును ఉపయోగపడును. మొదటి దానిని మానవలదు. దాని ప్రక్కన రెండవదానిని చేర్పుడు. చదువుకై మీరు వెచ్చించు ప్రతి రూపాయియు చేరవలసిన చోటికి చేరుటకు ఇదియే యుపాయము.