పిన్నిగారింటి వైఫై

సీతాఫల్‌మండిలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. మన వైఫై పక్కింటి వంటింట్లోకీ, పైవాటా యూనివర్సిటీ కుర్రాళ్ల గదిలోకీ వెళ్తుంది.

ఈసారి పిన్నిగారింటికి వెళ్తే రౌటర్ తిరగేసి చూడండి. అడుగున లాగిన్ రాసిన చీటీ ఉంటుంది. చాలా ఇళ్లలో పెట్టిన రోజు నుంచీ అదే లాగిన్: అడ్మిన్, అడ్మిన్! ముందు అది మార్చండి. తర్వాత సెక్యూరిటీ సెట్టింగ్ చూడండి. డబ్ల్యూఈపీ అనే పాత పద్ధతి ఉంటే తీసేయండి. దాని గుట్టు 2001లోనే బయటపడింది. డబ్ల్యూపీఏ టూ పెట్టండి. త్రీ ఉంటే ఇంకా మేలు.

మళ్లీ చెబుతున్నా. ముందు అడ్మిన్ పాస్‌వర్డ్, తర్వాత డబ్ల్యూపీఏ టూ.

వైఫై పాస్‌వర్డ్ కూడా పొడుగ్గా మార్చి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. టీవీలో, ఫోన్లలో అది కొట్టాకే బయల్దేరండి. లేదంటే సీరియల్ టైముకి పిన్నిగారి ఫోన్ ఖాయం!